తాళం చెవి ఇచ్చేముందు

ఖమ్మం,
ఉగాది మర్నాడు.

మేనల్లుడికి,

నువ్వు భద్రాచలంలో లాడ్జి కౌంటర్‌లో కుదిరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషమే. కానీ నవమికి ఇంక ఏడు రోజులే ఉందని గుర్తొచ్చినప్పటినుంచి నాకు నిద్ర పట్టడంలేదు. ఆ ఊళ్లో ముప్ఫై ఏళ్లకు పైగా తాళాల బోర్డు ముందు కూర్చున్నవాణ్ణి. ఫోన్‌లో చెబితే ‘సరే మామా’ అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. ఈ కాగితం కౌంటర్ సొరుగులో ఉంచుకో.

మామూలు రోజుల్లో గది ఇవ్వడం పెద్ద పనేం కాదు. శని, ఆదివారాలు నిండుతాయి, తక్కిన రోజుల్లో సగం తాళాలు మేకులకే వేలాడుతుంటాయి. ఊరంతా ఒక్క రాత్రికే గది అడిగే సందర్భాలు వేరు. ముక్కోటి ఏకాదశికి ముందురోజు సాయంత్రం గోదావరిలో తెప్పోత్సవం, తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. చైత్రంలో మిథిలా స్టేడియంలో కల్యాణం, మర్నాడు పట్టాభిషేకం. పన్నెండేళ్లకోసారి పుష్కరాలు. 2003వి, 2015వి నేను కౌంటర్ మీద ఉండగానే వచ్చి వెళ్లాయి. 2027వి నువ్వు చూస్తావు.

ముందు ఒక్క సంగతి తెలుసుకో. ‘నవమికి ఒక రూమ్ కావాలండీ’ అని ఫోన్ చేసేవాళ్లలో నూటికి తొంభైమందికి కావలసింది నవమి రాత్రి కాదు, అష్టమి రాత్రి. కల్యాణం అభిజిత్ లగ్నంలో, పట్టపగలు పన్నెండింటికి. పొద్దున్నే స్నానం చేసి స్టేడియంలో చోటు చూసుకోవాలంటే ముందురాత్రే ఊళ్లో పడుకోవాలి. నువ్వేమో వాళ్లన్నమాట విని నవమి తారీకు వేస్తావు. వాళ్లేమో అష్టమి సాయంత్రం పిల్లాపాపలతో దిగి ‘మా రూమ్ ఏదండీ’ అంటారు. నీ రిజిస్టరూ తప్పు కాదు, వాళ్ల మాటా తప్పు కాదు. గది మాత్రం లేదు. అందుకే తిథి అడగొద్దు, పండగ పేరు అడగొద్దు. ‘ఏ తారీకు రాత్రి పడుకుంటారు, ఏ తారీకు ఎన్నింటికి ఖాళీ చేస్తారు’ అని అడుగు. జవాబు విన్నాక వారం పేరుతో కలిపి తిరిగి చెప్పు.

అర్ధరాత్రి దాటి వచ్చేవాళ్లతో ఇంకో తిరకాసు ఉంది. మనవాళ్లకు రోజు తెల్లారితే మొదలు. రాత్రి ఒంటిగంటకు బస్సు దిగినా అది వాళ్ల లెక్కలో నిన్నటి రాత్రే. కంప్యూటర్‌కు అలా కాదు, పన్నెండు కొట్టగానే తారీకు మారిపోతుంది. ‘రాలేదు’ అని చూపించిందికదా అని నువ్వు పన్నెండుంబావుకు ఆ గది ఇంకొకరికి ఇచ్చేస్తే ఆ పాపం నీదే. రానివాళ్లకు ముందు ఫోన్ చెయ్యి. చింతూరు నుంచి, మారేడుమిల్లి ఘాట్ మీదుగా వచ్చేవాళ్లకు అడవిలో సిగ్నల్ అందదు. రెండుసార్లు ఫోన్ కలవకపోతే రావడం లేదని తీర్మానించకు.

ఊరు పొరపాటు పడేవాళ్లూ ఉంటారు. రైలు టికెట్ మీద భద్రాచలం రోడ్ అని చూసి అదే భద్రాచలం అనుకుంటారు. దిగాక తెలుస్తుంది, అది కొత్తగూడెం అనీ, గోదావరి ఇంకా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉందనీ. యాప్‌లో సారపాక లాడ్జి చూసి గుడి పక్కనే అనుకునేవాళ్లు మరికొందరు. మధ్యలో వంతెన ఉందని ఫోన్‌లో నువ్వే చెప్పాలి.

ఇక అసలు విషయం. నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, మీ అత్తయ్యకు తప్ప.

అది అష్టమి రాత్రి. సంవత్సరం వద్దులే, లాడ్జి పేరూ వద్దు. కిందినుంచి మెట్లదాకా జనమే. పద్నాలుగో నంబరు గది రామారావు అనే ఆయనకు రాసిపెట్టి ఉంది, ఆయన మనియార్డరులో అడ్వాన్సు కూడా పంపారు. ఏడు గంటలకు ఒకాయన భార్యతో, చంటిబిడ్డతో వచ్చి ‘రూమ్ చెప్పామండీ’ అన్నాడు. తల ఎత్తకుండా ‘రామారావుగారేనా’ అన్నాను. ‘అవునండీ’ అన్నాడు. అబద్ధం కాదు, అతని పేరూ రామారావే. భద్రాచలం వచ్చేవాళ్లలో రాముడి పేరు లేనివాళ్లు ఎంతమంది? అతను గది చెప్పింది పక్క వీధిలో. మా లాడ్జే అనుకుని వచ్చాడు. నేను తాళం చెవి చేతిలో పెట్టేశాను.

పదకొండున్నరకు అసలు రామారావు వచ్చారు. కోరుకొండ వైపునుంచి, ముసలితల్లిని వెంటబెట్టుకుని, మనియార్డరు రసీదుతో. బోర్డు మీద పద్నాలుగు తాళం చెవి లేదు. ఎవరికి ఇచ్చానని నేను రిజిస్టర్ చూడాలి. చూడలేదు. పొద్దున్న ఖాళీ చేసినవాళ్లు జేబులో వేసుకుపోయి ఉంటారనుకుని సొరుగులోంచి డూప్లికేట్ తీసి రూమ్ బాయ్‌తో పైకి పంపాను. తలుపుకు బయట తాళం వేసి ఉంది. నిద్రపోతున్న భార్యాబిడ్డల్ని లేపడం ఎందుకని ఆ భర్త బయట తాళం పెట్టి గోదావరికి స్నానానికి వెళ్లాడు. డూప్లికేట్ తిరిగింది. తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి బిడ్డకు పాలిస్తోంది.

ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

భర్త వచ్చాక కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన కోప్పడి ఊరుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం లోపల గడియ పెట్టుకుని, కుర్చీ తెచ్చి తలుపుకు అడ్డం వేసుకుని, తెల్లారేదాకా లైటు ఆర్పలేదు. కింద తలుపు సందులోంచి ఆ వెలుతురు వరండాలో పడుతుంటే నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను.

ఆ మెట్లమీదే కోరుకొండ అవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో తెల్లటి గుడ్డ మూట. అందులో గోటి తలంబ్రాలు. అటువైపు భక్తులు కల్యాణానికని ప్రత్యేకంగా వరి పండించి, ఒక్కో గింజనూ గోటితో ఒలిచి తెస్తారు, వినే ఉంటావు. ఎన్ని నెలల పనో. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆమెను రాసుకుపోతున్నారు. ఆమె ఆ మూటను మెట్టు మీద పెట్టలేదు, గోడకు ఆనించలేదు. రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది. గోళ్లు అరిగి, చివర్లు పగిలి ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. ‘బాబూ, ఇది పెట్టుకోవడానికి కాళ్లు తగలని చోటేమైనా ఉందా?’ అని మాత్రం అడిగింది.

కౌంటర్ వెనక దేవుడి పటం దగ్గర పెట్టించాను. తల్లీకొడుకుల్ని నా గదిలో పడుకోబెట్టాను. అడ్వాన్సు తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. ఇదంతా జరిగింది ఒక్క మాట నా నోట ముందు వచ్చినందుకు. పేరు నేను చెప్పి ముందు వచ్చిన రామారావుచేత అవుననిపించుకున్నాను. అతన్నే చెప్పనిచ్చి ఉంటే ఊరు కూడా అడిగేవాణ్ణి.

కాబట్టి నువ్వు ఎప్పుడూ పేరు అందించకు. ‘ఎవరి పేరున చెప్పారండీ, ఏ ఊరండీ’ అని అడిగి నోరు మూసుకుని విను. మన అడవి వైపు వాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. కుంట, చింతూరు, దుమ్ముగూడెం నుంచి వచ్చే కోయవాళ్లలో మడకం, సోడె లాంటి ఇంటిపేర్లే ఒక పేజీలో నాలుగైదు ఉంటాయి. యాప్‌లో ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక వస్తుంది. ఊరు రాసుకుంటే తికమక ఉండదు. వాళ్లలో చాలామంది ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని రారు. చేతిలో మూటతో వచ్చి నిలబడతారు. మీ ఓనరును ఒప్పించి ఒకటో రెండో గదులు ఆన్‌లైన్‌లో పెట్టకుండా అలాంటివాళ్ల కోసం ఆపు. ఒప్పుకోకపోతే నా చేత మాట్లాడించు.

పెద్దవాళ్ల ఫోన్లు కూడా వస్తాయి. ‘ఫలానావారి మనుషులు, ఒక్క గది సర్దు’ అని. అడ్వాన్సు కట్టినవాడి గది వాడిదే. ఇందులో సర్దడానికి ఏమీ లేదు.

ఇప్పుడు తాళాల సంగతి. పాత బ్లాకులో తాళంకప్పలు ఒకే పెట్టెలోంచి కొన్నవైతే జాగ్రత్త. చవకరకం తాళాల్లో చెవి పళ్ల కోత రకాలు కొన్నే ఉంటాయి. అరిగినకొద్దీ ఇంకా వదులవుతాయి. ఏడో గది చెవితో పదకొండో గది తెరుచుకోవడం నా కళ్లతో చూశాను. ఈ వారంలోనే ఒక మధ్యాహ్నం కూర్చుని ప్రతి చెవినీ ప్రతి తాళంలో పెట్టి తిప్పి చూడు. రెంటికి పట్టినదాన్ని పక్కన పారెయ్యి. డూప్లికేట్లు విడిగా, నీ ఒక్కడి చేతికింద ఉండాలి. తీసిన ప్రతిసారీ రాయాలి, ఎందుకు తీశావో కూడా.

కొత్త అంతస్తుకు కార్డులు పెట్టారట. దాని కథ కూడా ఇలాంటిదే. 1974లో న్యూయార్క్ దగ్గర ఒక మోటెల్‌లో కోనీ ఫ్రాన్సిస్ అనే ప్రసిద్ధ గాయని గదిలోకి ఆగంతకుడు చొరబడి అఘాయిత్యం చేశాడు. ఆ వార్త నార్వేలో టోర్ సోర్నెస్ అనే తాళాల నిపుణుణ్ణి కదిలించింది. చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ కార్డుతో పనిచేసే తాళం తయారుచేశాడు. మనిషి మారినప్పుడల్లా చిల్లుల వరస మారుతుంది, పాతవాడి కార్డు ఇక పనికిరాదు. ఇప్పటి కార్డుల వెనకా ఉన్నది ఆ ఆలోచనే.

ఆ సుగుణమే నవమినాడు నిన్ను ఇబ్బంది పెడుతుంది. ఒకే కుటుంబం రెండో కార్డు అడిగినప్పుడు యంత్రంలో ‘కాపీ’ అని చెయ్యాలి. కంగారులో ‘కొత్త గెస్ట్’ అని చేశావనుకో, అది తలుపుకు ఆనించగానే మొదటి కార్డు చచ్చిపోతుంది. మనవడు కొత్త కార్డుతో గదిలోకి వెళ్లి వస్తాడు, బామ్మ పాత కార్డుతో వరండాలో నిలబడిపోతుంది. పైగా కార్డులన్నీ ఒకేలా ఉంటాయి, నంబరు ఉండదు. గది నంబరు కవరు మీద రాసి చూపించు, నలుగురిలో పైకి చదవకు. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ల విషయంలో అసలే వద్దు. ఎవరైనా కార్డు పోయిందని వస్తే రిజిస్టర్‌లో ఉన్న ఆధార్ ఫొటోతో ముఖం పోల్చి చూసి ఇవ్వు. వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఎంత రద్దీ అయినా తాళం చెవి ఇచ్చేముందు రూమ్ బాయ్ పైకి వెళ్లి గది ఖాళీగా ఉందో లేదో చూసి రావాలి. తలుపు మూడుసార్లు తట్టాలి, పలకరించాలి, ఆగాలి. రెండు నిమిషాల పని. ఆ రోజు నేను ఆ రెండు నిమిషాలు ఆగలేకపోయాను.

పాత బ్లాకు ఇత్తడి బిళ్లల మీద 6, 9 ఇంకా అలాగే ఉన్నాయా? తిరగేస్తే ఒకటి ఇంకోటవుతుంది. 16ను 19 అనుకోరుగానీ, ఒంటి అంకెకు ఆ ప్రమాదం ఉంది. ఇక్కడ కమాన్ బజార్‌లో నాకు తెలిసిన చెక్కేవాడు ఉన్నాడు. అంకె కింద గీత పెట్టించి కొత్త బిళ్లలు కొట్టిస్తాను. మొత్తం ఎన్ని కావాలో, పాతవాటి కన్నం ఎంత లావుందో రేపటిలోగా కొలిచి చెప్పు. ఆర్టీసీ కార్గోలో వేస్తాను, షష్ఠి నాటికి నీకు అందుతాయి.

మీ మామయ్య