అందరి ఊపిరీ 18, 20 కాదు

వార్డులో టీపీఆర్ చార్టులు ఒకసారి వరసగా తిరగేసి చూడండి. జ్వరం అంకెలు మారుతుంటాయి, పల్స్ మారుతుంటుంది. ఊపిరి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏ మంచం చూసినా 18, 20, 18, 20. న్యుమోనియాతో ఆయాసపడుతున్న ముసలాయనకీ అదే, హెర్నియా ఆపరేషనై రేపు ఇంటికెళ్లబోయే కుర్రాడికీ అదే. అంటే ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. కొత్తగా డ్యూటీలో చేరిన నర్సులకూ, జీడీఏలకూ నేను ముందు చెప్పే మాట ఇదే: ఊపిరి లెక్కపెట్టండి. మనిషి పరిస్థితి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన ‘న్యూస్’ స్కోరులో ఊపిరి నిమిషానికి 25, ఆపైన ఉన్నా, 8, అంతకు తక్కువ ఉన్నా ఆ ఒక్కదానికే 3 పాయింట్లు వేస్తారు. ఏ ఒక్క కొలతకైనా వేసే గరిష్ఠం అదే.

పద్ధతి కష్టమేమీ కాదు. మణికట్టు దగ్గర మూడు వేళ్లు ఆనించి (బొటనవేలు వద్దు, దానికి సొంత నాడి ఉంది) పల్స్ చూశాక చెయ్యి వదలకండి. అలాగే పట్టుకుని ఛాతీ వైపు చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ‘ఊపిరి చూస్తున్నానమ్మా’ అని చెబితే ఆమెకు తెలియకుండానే తీరు మారిపోతుంది. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే అలవాటు మానండి. అందులో ఒక్కటి తప్పితే నిమిషం లెక్కలో నాలుగు తేడా వస్తుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. పిల్లల సంగతి వేరు: రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, ఆపైన ఉంటే వేగంగా ఉన్నట్టు. ఏడుస్తున్న బిడ్డను లెక్కపెట్టకండి, ఊరుకున్నాక చూడండి.

బీపీలో తప్పులు ఎక్కువగా కఫ్ దగ్గరే జరుగుతాయి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. రోగిని అయిదు నిమిషాలు కూర్చోనిచ్చి, చేతిని గుండె ఎత్తులో ఆనించి, మాట్లాడించకుండా చూడాలి. డయాలసిస్ ఫిస్టులా ఉన్న చేతికీ, రొమ్ము ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసిన వైపూ కఫ్ కట్టకూడదు. ఇంకో సంగతి: డయల్ మీద గీతకీ గీతకీ మధ్య 2 తేడా. అందుకే చేత్తో చూసిన బీపీలో బేసి అంకె రాదు. 117/83 అని ఉంటే అది మిషన్ రీడింగైనా అవ్వాలి, ఊహైనా అవ్వాలి.

జ్వరం నోట్లో చూస్తే, టీ తాగి పావుగంటైనా గడవాలి. చంకలో చూస్తే నోటి కంటే తక్కువ వస్తుంది కాబట్టి ఎక్కడ చూశారో రాయండి. సాచురేషన్ చూసేముందు గోళ్ల రంగు తుడవండి, చేతులు చల్లగా ఉంటే వెచ్చబరచండి. ఆక్సిజన్ పెట్టి 96 వేరు, పెట్టకుండా 96 వేరు. ఎన్ని లీటర్ల మీద ఉన్నాడో పక్కన లేకపోతే ఆ 96 డాక్టరును తప్పుదారి పట్టిస్తుంది.

ఇక రాయడం. మంచం దగ్గరే, చూసిన వెంటనే, చూసిన టైముతో రాయండి. అరచేతి మీదో చీటీ మీదో రాసుకుని డ్యూటీ ముగిసే వేళ అన్నీ ఎక్కించడంలోనే ఒకరి అంకె మరొకరి చార్టుకెళ్తుంది. తప్పు పడితే వైట్నర్ పూయకండి. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం, టైము వేయండి. రోగి స్కానింగ్‌కు వెళ్తే ‘స్కానింగ్‌లో ఉన్నారు’ అని రాయండి, అంకె పుట్టించకండి.

తేడా కనిపిస్తే మళ్లీ చూసి నిర్ధారించుకోండి. మనిషే బాగోలేనట్టు కనిపిస్తే ఆ ఆలస్యం కూడా వద్దు. ‘సార్, పేషెంట్ డల్‌గా ఉన్నాడు’ అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. ఇలా చెప్పండి: ‘సార్, 12వ బెడ్. పొద్దున 6కి ఊపిరి 20, పల్స్ 88. ఇప్పుడు 10కి ఊపిరి 28, పల్స్ 116, బీపీ 104/66, ఆక్సిజన్ లేకుండా సాచురేషన్ 92. మాట పొంతన లేకుండా ఉంది. మీరు వచ్చి చూడాలి.’ ఎప్పుడు, ఎవరికి చెప్పారో కేస్ షీట్‌లో రాయండి. ఆయన రావడం ఆలస్యమైతే సీనియర్ సిస్టర్‌కు చెప్పండి, ఈలోగా వైటల్స్ చూస్తూనే ఉండండి. కోప్పడతారేమోనని ఆగకండి. రేపటి డ్యూటీకి సెకన్ల ముల్లున్న వాచీ పెట్టుకుని వెళ్లండి.