రక్తం తక్కువైతే ఒంటికి ప్రాణవాయువు అందదు

మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువును ఒళ్ళంతటికీ మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తయారుకావాలంటే ఇనుము కావాలి. బండి లేకపోతే కళ్ళంలో ధాన్యం ఎంతున్నా ఇంటికి చేరదు కదా! అలాగే హిమోగ్లోబిన్ తగ్గితే ఎంత గాలి పీల్చినా ఒంటికి చాలదు. నీరసం, ఆయాసం, గుండెదడ వస్తాయి. నాలుక, కనురెప్పల లోపలివైపు పాలిపోతాయి.

ఎందుకు వస్తుంది?

ఆకుకూరలు, పప్పులు, మాంసం చాలినంత తినకపోవడం; కడుపులో కొంకిపురుగులు; మలేరియా; బహిష్టులో ఎక్కువ రక్తం పోవడం; వెంటవెంటనే కాన్పులు. పోయిన రక్తం కూడకముందే మళ్ళీ గర్భం వస్తే తల్లికీ, కడుపులోని బిడ్డకూ ప్రమాదం.

ఏం చేయాలి?

గర్భిణికి 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 7కు తగ్గితే ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి.

నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. టీతో వద్దు, నిమ్మరసంతో మంచిది. విరోచనం నల్లగా అయితే భయపడి మానకండి. చెప్పులు లేకుండా పొలం వెళ్ళకండి, మరుగుదొడ్డి వాడండి.

కాన్పుకీ కాన్పుకీ మూడేళ్ళు ఎడం ఉంచండి. నిరోధ్, ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షన్, కాపర్‌-టి ఇందుకే ఉన్నాయి. మీకేది తగునో నర్సమ్మను అడగండి. పిల్లలు ఇక చాలనుకుంటే మగవారికి కోత, కుట్టు లేని వేసెక్టమీ ఉంది.

భర్తలకొక మాట: అందరూ తిన్నాక మిగిలింది తినేది ఇల్లాలే. ఇకనుంచి ఆమెకూ మీతోపాటే వడ్డించుకోమనండి. రక్తపరీక్షకు మీరే వెంటబెట్టుకు రండి.