చుక్క రక్తం ఇచ్చినవాళ్లకే మొదటి జవాబు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో పనికోసం మా తాతగారు బిలాస్‌పూర్ వచ్చారు. నేను రైల్వే కాలనీలోనే పుట్టి పెరిగి, కోనీలోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కొత్తగా లెక్చరర్లయిన మనవాళ్లు ఇంటికొస్తే పాఠం, పరిశోధన, ఊళ్లలో పని మూడూ ఎలా కుదురుతాయని అడుగుతుంటారు. నాకు తెలిసినంత చెబుతాను.

1. మూడింటికీ ఒకే విషయం పట్టుకోండి. నాకది సికిల్ సెల్. ఛత్తీస్‌గఢ్ ఊళ్లలో కొత్త జబ్బేమీ కాదు. వేలికొస గుచ్చి తీసిన చుక్కలో సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం కలిపి, కవర్‌స్లిప్ వేసి అంచులు మూసేస్తే లోపల ఆక్సిజన్ తగ్గుతుంది. కాసేపటికి గుండ్రటి ఎర్రకణాలు కొడవళ్లలా వంగుతాయి. బీటా గ్లోబిన్‌లో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరితే ఏమవుతుందో బీఎస్సీ పిల్లలు మైక్రోస్కోపులో కళ్లారా చూస్తారు. అదే స్లైడు ఊళ్లో పరీక్ష, పరిశోధనకు మొదటి మెట్టు.

2. ఊరి తీరిక చూసి వెళ్లండి. నాట్లప్పుడు ఎవరూ దొరకరు. కోతలయ్యాక కొన్ని కుటుంబాలు ఇటుక బట్టీలకు రైలెక్కేస్తాయి. పుష్య పౌర్ణమికి, పిల్లలు ఇంటింటికీ తిరిగి ధాన్యం అడిగే ఛేర్‌ఛేరా పండక్కి, ఊళ్లో మనుషులుంటారు. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవమని ఆ ఒక్కరోజు బ్యానరు కట్టుకుని వెళ్తే ఫొటోలు మిగులుతాయంతే.

3. రక్తం ఇచ్చినవాళ్లకే మొదటి జవాబు. మీ వ్యాసం ఆర్నెల్లు ఆగినా ఫరవాలేదు, సంబంధాలు చూస్తున్న ఇల్లు ఆగదు. అయితే స్లైడు చూసి చీటీ రాసేయకూడదు. జబ్బో, వాహకత్వమో తేలాలంటే ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయాల్సిందే. తేలాక ఇంట్లో కూర్చుని చెప్పాలి. నేను రెండు దోసిళ్లలో ఒక్కో మినపగింజ, ఒక్కో బియ్యపు గింజ పెట్టించి, కళ్లు మూసుకుని చెరొకటి తీయమనేవాణ్ని. మినుము జబ్బు జన్యువనుకుంటే, రెండూ మినుములే వస్తే బిడ్డకు జబ్బు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం అదే. వాహకురాలు రోగి కాదు. ఈ మాట పిల్ల తల్లికి ఒకసారి చెబితే చాలదు, పిల్లవాడి వైపువాళ్లకూ చెప్పాలి. పరీక్ష అమ్మాయికే అడుగుతారు, అబ్బాయికి అడగరు. అక్కడ మెత్తబడకండి, ఇద్దరికీ చేయించండి.

4. ఏ కులంలో ఎక్కువని విలేకరులు అడుగుతారు. చెప్పకండి. ఆ శీర్షిక ఎన్ని సంబంధాలు చెడగొడుతుందో లెక్కకు అందదు.

5. ఊళ్లో రక్తపరీక్షల క్యాంపు ఉందని క్లాసు ఎగ్గొట్టొద్దు.

6. ఊళ్లో మాట్లాడే పని విద్యార్థులకివ్వండి. మన హిందీలో తెలుగు యాస, మాటల్లో పుస్తకం వాసన. ఛత్తీస్‌గఢీలో వాళ్ల ఊరి పిల్ల చెబితే అత్తలు, కోడళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తారు. 2023 జూలై 1న, ఇక్కడినుంచి కట్నీ వెళ్లే రైలు దారిలోని షహడోల్‌లో, సికిల్ సెల్ నిర్మూలన జాతీయ మిషన్ మొదలైంది. గడువు 2047. దానివల్ల పరీక్ష ఫలితం రాసిన కార్డు చేతికి వచ్చింది సరే, అందులో ఏముందో విప్పి చెప్పే మనిషి ఊరికొకరు కావాలి. ఆ ఊళ్లనుంచి రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చే పిల్లలు మీ క్లాసులో వెనక బెంచీల మీద ఉంటారు. వాళ్ల ఊరి పేర్లు అడిగి రాసుకోండి, క్యాంపుల జాబితా అక్కడినుంచి మొదలుపెట్టండి.