ఇంటి ధర – ఆడపడుచు వాటా

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈనాడు ఇల్లు కట్టడమే కాదు, తండ్రి కట్టిన ఇంటిని న్యాయంగా పంచుకోవడం కూడ కష్టమైనది. ఇండ్ల ధరలు ఎందుకు పెరుగుతున్నవి? అవి సామాన్య కుటుంబానికి ఎంతవరకు అందుబాటులో ఉన్నవి? ఆ పెరుగుదల మన ఇండ్లలోని ఆడపడుచుల హక్కును ఎట్లు తాకుచున్నది? ఈ మూడు ప్రశ్నలను ఇక్కడ పరిశీలింపదలచినాము. మేము తెలుగు బోధించేవారము. ఆర్థికశాస్త్ర పండితులము కాము. అయినను ఇది ప్రతి గడపకు సంబంధించిన విషయము గనుక సాహసించినాము.

ధర పెరుగుటకు కారణాలు

ఇంటి ధరలో రెండు భాగాలున్నవి: కట్టడం వెల, నేల వెల. కట్టడం ఏటేటా పాతబడి వెల కోల్పోతుంది. నేల అట్లు కాదు. ఇటుకను, సిమెంటును మరింతగా తయారు చేయవచ్చును. నగరం నడిబొడ్డున ఒక గజం నేలనైనా కొత్తగా సృష్టింపలేము. చుట్టూ రోడ్డు, నీరు, ఉద్యోగాలు వచ్చిన కొద్దీ ఆ నేలకు పోటీ పెరుగుతుంది. హైదరాబాదు ఇందుకు మంచి ఉదాహరణ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్ ప్రాంతమూ, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చిన తరువాత నగరపు శివారు గ్రామాలూ ఎట్లు మారినవో అందరికీ తెలిసినదే.

ప్రభుత్వం పూనుకొని ఇండ్లు కట్టించడం మనకు కొత్త కాదు. 1908 మూసీ వరదల అనంతరం, 1912లో హైదరాబాదులో 'ఆరాయిష్-ఎ-బల్దా' అనే నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఇరుకు వాడలను తొలగించి, పేదలకు గాలి వెలుతురు గల ఇండ్లను అది నిర్మించినది. 1960లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలి ఆ బాధ్యతను స్వీకరించినది. అయినను కట్టిన ఇండ్లకన్న కోరేవారి సంఖ్య ఎప్పుడూ ఎక్కువగానే ఉన్నది.

అందుబాటును కొలిచే విధము

ధర ఒక్కటే చూచి ఇల్లు ప్రియమనీ, చవక అనీ చెప్పరాదు. ధరను రాబడితో పోల్చవలెను. అప్పు తీసుకొనేవారు వడ్డీని కూడ లెక్కించవలెను. ముప్పయి లక్షల అప్పును ఇరవై ఏండ్లలో తీర్చవలెనన్న, వడ్డీ 7 శాతమైతే నెలకు సుమారు 23,260 రూపాయల వాయిదా పడుతుంది. 9 శాతమైతే సుమారు 26,990 రూపాయలు. ఈ రెండవ లెక్కలో మొత్తం చెల్లింపు 64 లక్షలు దాటుతుంది. రాబడిలో మూడవ వంతు మాత్రమే వాయిదాకు పోవలెననుకొంటే, ఆ కుటుంబానికి నెలకు 81,000 రూపాయల రాబడి ఉండవలెను. ఇక వడ్డీని మతరీత్యా వర్జించేవారికి ఆ ద్వారం కూడ మూసియున్నట్లే. అట్టి కుటుంబాలకు తాతతండ్రుల ఇల్లే సర్వస్వము.

నూట ఇరవై గజాల లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వత్తము. ఒక గృహస్థుడు 120 చదరపు గజాల ఇంటిని విడిచి మరణించినాడనుకొందాము. అతనికి అప్పులు లేవు, వీలునామా లేదు, తల్లిదండ్రులు అంతకు ముందే గతించినారు. భార్య, ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. సూరా నిసాలోని 11, 12 ఆయతుల ననుసరించి భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 15 గజాలు. మిగిలిన 105లో ఒక్కొక్క కుమారునికి 35, ఒక్కొక్క కుమార్తెకు పదిహేడున్నర గజాలు.

లెక్క కొరకు గజం వెల 20,000 రూపాయలనుకొందాము. ఇద్దరు కుమార్తెల వాటా కలిసి 7 లక్షలు. అన్నదమ్ముల రాబడి కలిపి నెలకు 40,000 అయితే, అది పదిహేడున్నర నెలల సంపాదన. పంపకం జరుగకుండ ఏండ్లు గడచినవి. గజం వెల మూడింతలై 60,000 చేరినది; రాబడి రెండింతలై 80,000 అయినది. ఇప్పుడు ఆ వాటా 21 లక్షలు. ఇరవై ఆరు నెలల సంపాదనకు పైమాట. జాగు చేసిన కొద్దీ సోదరులకు భారం పెరిగినదే గాని తగ్గలేదు.

అప్పుడు జరుగునదేమి? "చెల్లెలు తన వాటా వదులుకొన్నది, మంచి మనసు" అని చెప్పుకొంటారు. నిజముగా వదులుకొన్నదా, అడిగితే పుట్టింటి గడప మూసుకొనునని భయపడినదా? ఈ ప్రశ్నను ఆమెను ఏకాంతంగా అడిగినవారు అరుదు. ఇది ఒక్క మతం వారి సమస్య కాదు. హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ శాసనము 1985 నుండి, దేశవ్యాప్త సవరణ 2005లో కల్పించినవి. కాగితముపై హక్కు వచ్చినంత త్వరగా చేతికి వాటా రాలేదు.

చేయదగినది

ఇల్లు అమ్మి అందరూ వీధిన పడవలెనని మేము చెప్పుటలేదు. పంపకాన్ని జాగు చేయక, వాటాలను వ్రాతపూర్వకముగా నిర్ణయించి రిజిస్టరు చేయించుకొనవచ్చును. సొమ్ము ఒక్కసారిగా లేనిచో, అందరి సమ్మతితో వెల కట్టి వాయిదాలలో ఇవ్వవచ్చును. ఇంటిలో కొంత భాగం అద్దెకిచ్చినచో ఆ అద్దెలో ఆమె వంతు ఆమెకు అందజేయవచ్చును. తండ్రి జీవించియుండగా వారసత్వపు హక్కే ఏర్పడదు గనుక, పెండ్లినాడు ఇచ్చిన కట్నకానుకలను వాటాగా చూపుట సరికాదు.

ఉర్దూలో 'మకాన్' వేరు, 'ఘర్' వేరు. బజారులో ధర పలికేది మకానుకే. తెలుగులో 'ఇల్లు' అన్న మాటనుండే 'ఇల్లాలు' పుట్టినది. ఇంటి పేరే ఆమెకు పెట్టిన భాష మనది. ఆ ఇంటిలో ఆమెకు రావలసిన పదిహేడున్నర గజాలు ఇచ్చుటకు వెనుదీయరాదు. విద్యార్థులారా! రేపు మీరే అన్నదమ్ములు. విద్యార్థినులారా! ఈ లెక్కను మీరు స్వయముగా వేయ నేర్చుకొనుడు. మీ వంతు ఎంతో మీకు తెలిసిన నాడు, ఇచ్చినా వదులుకొన్నా అది మీ ఇష్టమే అవుతుంది.