పాత విమానానికి పెద్ద తలుపు

2023 జనవరిలో అమెజాన్ శంషాబాద్ నుంచి సరకు విమాన సేవలు మొదలుపెట్టింది. క్విక్‌జెట్ సంస్థ నడిపిన ఆ విమానం బోయింగ్ 737-800. ఈ మోడల్‌లో సరకు కోసమే ఫ్యాక్టరీలో తయారైంది ఒక్కటీ లేదు. ఈ రకం సరకు విమానాలన్నీ ఒకప్పుడు ప్రయాణికులను మోసినవే. మరి వాటిని మార్చేదెవరు? ఏరోస్పేస్ అనగానే రాకెట్లు, పైలట్ యూనిఫాం గుర్తొచ్చే మన పిల్లలకు ఈ పని పెద్దగా తెలియదు.

సీట్లు, టాయిలెట్లు, వంటగది తీసేస్తారు. కిటికీలను లోహపు బిళ్లలతో మూసేస్తారు. నేలను బలపరచి రోలర్లు బిగిస్తారు. ఇదంతా ఒక ఎత్తు, తలుపు ఒక్కటే ఒక ఎత్తు. విమానం ఎడమ పక్క, ముందు భాగంలో సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు, రెండు మీటర్లకు పైగా ఎత్తున కోత పెడతారు. 189 మంది దాకా ఎక్కే ఈ విమానం ఆ తలుపు పుణ్యమా అని దాదాపు 24 టన్నుల సరకు మోస్తుంది.

ఇంటి గోడకు కొత్తగా ద్వారం తెరిస్తే పైన లింటెల్ వేస్తాం. ఇక్కడ ఆ గోడ బెలూన్‌లాంటిది. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి పీడనానికి ఉబ్బుతుంది, దిగాక సడలుతుంది. కోసేసిన స్కిన్, ఫ్రేములు మోస్తున్న బరువు ఇప్పుడు తలుపు చుట్టూ తిరిగి వెళ్లాలి. ఎక్కడ ఎంత మందం కావాలో, ఎన్ని వేల ప్రయాణాల తర్వాత పగులు పుడుతుందో స్ట్రెస్ ఇంజినీర్ లెక్కగట్టాలి. మెకానికల్, ఏరోనాటికల్ బీటెక్ వాళ్లకు దారి ఇదే. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ గట్టిగా రావాలి, ఆ పైన ఫెటీగ్, డ్యామేజ్ టాలరెన్స్ చదవాలి. సాఫ్ట్‌వేర్ కోర్సు సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా, చేత్తో ఒక బీమ్ లెక్క వేయలేనివాళ్లు ఇంటర్వ్యూలో తేలిగ్గా దొరికిపోతారు.

లెక్క కాగితం మీద దిద్దుకోవచ్చు. రివెట్ కోసం లోహంలో వేసే రంధ్రం వంకరగా పడితే మాత్రం దిద్దుబాటు కష్టం. అందుకే షీట్‌మెటల్ పనివాళ్లకు హ్యాంగర్‌లో అంత విలువ. ఐటీఐ ఫిట్టర్, డిప్లొమా చేసినవాళ్లు దీన్ని చిన్నచూపు చూడటం నాకు మింగుడుపడదు.

పాత విమానం వయసును ఏళ్లలోనే కాదు, ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న లెక్కలోనూ చూస్తారు. 1988లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 పైకప్పు గాల్లోనే చిరిగిపోయింది. అప్పటికి దాని వయసు 19 ఏళ్లు, ఎగిరింది 89 వేల సార్లకు పైనే. కంటికి కనిపించని పగుళ్లను ఎడ్డీ కరెంట్, అల్ట్రాసోనిక్ పద్ధతుల్లో పట్టుకునే ఎన్‌డీటీ టెక్నీషియన్ల అవసరం ఆ ప్రమాదం తర్వాత ఇంకా పెరిగింది.

ఇంటర్ ఎంపీసీ వాళ్లకు ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీర్) లైసెన్సు దారి ఉంది. నిర్మాణం, ఇంజిన్ల వైపైతే బీ1.1, వైరింగ్, ఏవియానిక్స్ వైపైతే బీ2. పొగను పసిగట్టే వ్యవస్థ బీ2 వాళ్ల చేతిలోకి వస్తుంది. అది ఎంత ముఖ్యమంటే, పై డెక్‌లో నిప్పు అంటుకుంటే పైలట్లు లోపలి పీడనం తగ్గించి, ఆక్సిజన్ అందకుండా చేసి మంటను అణచాల్సి ఉంటుంది. కోర్సు అయిన వెంటనే లైసెన్సు చేతికొస్తుందని అనుకోవద్దు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే మాడ్యూల్ పరీక్షలు, హ్యాంగర్ అనుభవం, దాన్ని రాసిపెట్టుకున్న లాగ్‌బుక్ అన్నీ కావాలి.

శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్‌తో కలిసి ఈ మార్పిడి పనులు చేపడతామని బోయింగ్ 2023 మార్చిలో ప్రకటించింది. సంతోషమే. కానీ ప్రకటన వేరు, హ్యాంగర్‌లో విమానం నిలబడటం వేరు. కొవిడ్ కాలంలో ఎగబాకిన మార్పిడి గిరాకీ తర్వాత నెమ్మదించింది కూడా. కాబట్టి మార్పిడి ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఇవే నైపుణ్యాలు ప్రయాణికుల విమానాల భారీ తనిఖీలకు, రిపేర్లకూ పనికొస్తాయి.

ఏఎంఈ కాలేజీలో చేరే ముందు దానికి శిక్షణ సంస్థలకు డీజీసీఏ ఇచ్చే సీఏఆర్-147 ఆమోదం ఉందో లేదో, ఉంటే ఏ కేటగిరీకి ఉందో డీజీసీఏ వెబ్‌సైట్‌లో చూడండి. వెళ్లినప్పుడు బ్రోచర్ పక్కన పెట్టి వర్క్‌షాప్ తాళం తీయమనండి. బెంచీ మీద విద్యార్థులు రివెట్లు కొట్టిన అల్యూమినియం ముక్కలు కనిపిస్తే అప్పుడు ఫీజు సంగతి మాట్లాడండి.