అడ్వెంచర్ బైక్‌కి లగేజ్, యాక్సెసరీస్: ఏది ముందు కొనాలి? ఏది అసలు వద్దు?

కొత్త ఫోన్ కొనగానే కేసు, టెంపర్డ్ గ్లాస్ కొంటాం. అడ్వెంచర్ బైక్ కొన్నవాళ్లు కూడా అదే ఊపులో క్రాష్ గార్డ్, సైడ్ బాక్సులు, టాప్ బాక్స్, ఫాగ్ లైట్లు అన్నీ ఒకేసారి కార్ట్‌లో వేసేస్తుంటారు. తేడా ఒక్కటే ఫ్రెండ్స్. కేసు వేస్తే ఫోన్ 30 గ్రాములు పెరుగుతుంది. ఇవన్నీ వేస్తే బైక్ 25, 30 కిలోలు పెరుగుతుంది. ఆ బరువు మీ బ్రేకింగ్ మీద, బ్యాలెన్స్ మీద, వెనక కూర్చున్న మనిషి సేఫ్టీ మీద పడుతుంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తాను. సొంతూరు వికారాబాద్ జిల్లా బొంరాస్‌పేట. సిటీ దాటాక చేవెళ్ల, మన్నెగూడ, పరిగి మీదుగా ఊరికి వెళ్లే దారి యాక్సెసరీస్‌కి మంచి టెస్ట్ ట్రాక్. మొదట మర్రిచెట్ల మధ్య హైవే. తాండూరు వైపు తిరిగితే సిమెంట్ లారీలు, నాపరాయి లారీలు, వాటి దుమ్ము. ఊళ్లోకి దిగాక వానాకాలంలో టైరుకి ముద్దలా అంటుకునే నల్లరేగడి. లడఖ్ వీడియోలు చూసి కొన్న సామాను ఈ మూడు రకాల రోడ్ల మీద పనికొస్తుందా లేదా అన్నదే మన అసలు ప్రశ్న. ఒక్కొక్కటి చూద్దాం.

1. ముందు బరువు లెక్క, తర్వాతే షాపింగ్

ఫోన్‌లో స్టోరేజ్ ఎంత ఉందో చూసుకుని యాప్స్ వేసుకుంటాం కదా, బైక్‌కి కూడా అలాంటి లిమిట్ ఉంటుంది. పూర్తి లోడ్‌తో బైక్ మొత్తం ఎంత బరువు ఉండొచ్చో కంపెనీ ముందే చెబుతుంది. అందులోంచి బైక్ సొంత బరువు తీసేస్తే మిగిలేదే పేలోడ్. ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి.

ఉదాహరణకి 2023 నవంబర్‌లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 తీసుకుందాం. బైక్ బరువు 196 కిలోలు, మొత్తం పరిమితి 394 కిలోలు. అంటే పేలోడ్ 198 కిలోలు. చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా? లెక్క వేసి చూడండి.

రైడర్ 75 కిలోలు, హెల్మెట్, జాకెట్, బూట్లు కలిపి ఇంకో 8. వెనక కూర్చున్న మనిషి 65, అతని గేర్ 5. మొత్తం 153. ఇక మిగిలింది 45 కిలోలు. క్రాష్ గార్డ్, బాక్సులు తగిలించే ర్యాకులు, లైట్లు కలిపి సుమారు 12 కిలోలు అనుకుందాం. మూడు ఖాళీ హార్డ్ బాక్సులు సుమారు 14. అవి కూడా తీసేస్తే మిగిలింది 19 కిలోలే. బాక్సుల్లో బట్టలు, టూల్స్, నీళ్లు, ల్యాప్‌టాప్ అన్నీ అందులోనే సరిపోవాలి. మా ఇంట్లో అయితే తిరుగు ప్రయాణంలో అమ్మ కట్టిచ్చే తాండూరు కందిపప్పు, పచ్చళ్లే ఆరేడు కిలోలు ఉంటాయి.

ఇక్కడ పాయింట్ ఏంటంటే, యాక్సెసరీ బరువు కూడా లగేజ్ బరువే. బాక్స్ పెద్దది కొంటే సామాను ఎక్కువ పెట్టుకునే చోటు వస్తుంది. మోసే శక్తి మాత్రం తగ్గుతుంది.

2. ఎంత బరువు అన్నదే కాదు, ఎక్కడ పెట్టాం అన్నది కూడా

ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన తులాదండం గుర్తుందా? హిమాలయన్ 450 వీల్‌బేస్ 1510 మి.మీ. వెనక చక్రం ఇరుసుకి 300 మి.మీ. వెనకగా, టాప్ బాక్స్‌లో 10 కిలోలు పెట్టామనుకోండి. వెనక చక్రం మీద పెరిగేది 10 కిలోలు కాదు, దాదాపు 12. ఆ అదనపు 2 కిలోలు ముందు చక్రం మీద నుంచి వచ్చాయి. అంటే ముందు చక్రం అంత తేలికైంది.

రెండు కిలోలే కదా అనుకోవద్దు. అదే బాక్స్‌లో 20 కిలోలు కుక్కి, పైన ఇంకో బ్యాగ్ కడితే హ్యాండిల్ వదులుగా అనిపిస్తుంది, స్పీడ్‌లో ఊగుతుంది. తడి నల్లరేగడి మీద ముందు టైరుకి పట్టు చాలా అవసరం. సరిగ్గా అక్కడే అది తగ్గిపోతుంది.

అందుకే ప్యాకింగ్ రూల్స్ సింపుల్‌గా పెట్టుకోండి. బరువైనవి కిందికి, బైక్ మధ్యకి దగ్గరగా. తేలికైనవి పైకి, వెనక్కి. టూల్స్, నీళ్లు సైడ్ బ్యాగుల అడుగున, ముందు వైపు. బట్టలు, రెయిన్‌కోట్ వెనక టెయిల్ బ్యాగ్‌లో. ఎడమ, కుడి బ్యాగుల మధ్య తేడా ఒకటి రెండు కిలోలు దాటకూడదు. ఇంట్లో స్ప్రింగ్ కాంటా ఉంటే రెండు బ్యాగులూ ఒక్కసారి తూచండి. రెండు నిమిషాల పని.

ముందు క్రాష్ గార్డ్‌కి తగిలించే చిన్న బ్యాగులు బ్యాలెన్స్‌కి మంచివే. కానీ లిక్విడ్ కూలింగ్ ఉన్న బైక్‌లో రేడియేటర్‌కి గాలి అడ్డం రాకుండా చూసుకోవాలి.

3. హార్డ్ బాక్సా? సాఫ్ట్ బ్యాగా?

హార్డ్ బాక్సుల ప్లస్ పాయింట్స్ అందరికీ తెలిసినవే. తాళం ఉంటుంది. వానకి తడవదు. టిఫిన్‌కి దాబా దగ్గర ఆగితే ల్యాప్‌టాప్ మీద ఒక కన్ను వేసి ఉంచే పని లేదు. అల్యూమినియం బాక్సులు చూడ్డానికి కూడా బాగుంటాయి.

మైనస్ పాయింట్స్ రివ్యూ వీడియోల్లో తక్కువ చెబుతారు. ఒకటి, బరువు. రెండు, వెడల్పు. రెండు లారీల మధ్య సందులోంచి వెళ్లేటప్పుడు బైక్ వెనక భాగం హ్యాండిల్ కంటే వెడల్పుగా ఉందని గుర్తుపెట్టుకోవాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మట్టిరోడ్డు మీద స్లో స్పీడ్‌లో జారినప్పుడు మనం అలవాటుగా కాలు కింద పెడతాం. ఆ కాలు వెనక్కి వెళ్లి గట్టి బాక్స్ కింద ఇరుక్కుంటే ఎముక విరగొచ్చు. అదే సాఫ్ట్ బ్యాగ్ అయితే నలుగుతుంది. ఆఫ్‌రోడ్ ఎక్కువ చేసేవాళ్లు సాఫ్ట్ బ్యాగులు వాడడానికి పెద్ద కారణం ఇదే.

సాఫ్ట్ బ్యాగుల్లో వయాటెర్రా, రైనాక్స్, గార్డియన్ గేర్స్ లాంటి మన దేశ బ్రాండ్లు బాగానే ఉన్నాయి. కొనేముందు మూడు విషయాలు చూడండి. బ్యాగే వాటర్‌ప్రూఫా, లేక పైన వేసే రెయిన్ కవర్ మీదే ఆధారపడాలా? రోల్ చేసి మూసే లోపలి డ్రై బ్యాగ్ ఉంటే బెస్ట్. రెండోది, సైలెన్సర్ వైపు హీట్ షీల్డ్, గ్యాప్ ఉన్నాయా? లేకపోతే బ్యాగ్ కరుగుతుంది. మూడోది, వేలాడే పట్టీలు. పట్టీ కొస చైన్‌లోకో స్పోక్‌లలోకో వెళ్తే చక్రం లాక్ అవుతుంది. ఎక్స్‌ట్రా పట్టీ చుట్టి బిగించేయండి.

నా సజెషన్: హైవే, ఆఫీస్, హోటల్ స్టే అయితే హార్డ్ బాక్స్. ఊరి రోడ్లు, పొలం దారులు, కోట్‌పల్లి వైపు మట్టి ట్రాక్‌లు కూడా ఉంటే సాఫ్ట్ బ్యాగ్. తాళం తప్పనిసరి అనుకునేవాళ్లు రెండు సాఫ్ట్ సైడ్ బ్యాగులు, ఒక చిన్న టాప్ బాక్స్ పెట్టుకోవచ్చు.

4. టాప్ బాక్స్ కొనేముందు వెనక ఎవరు కూర్చుంటారో ఆలోచించండి

ఈ పాయింట్ ఎక్కడా పెద్దగా చర్చించరు. హిమాలయన్ లాంటి బైక్‌లో రైడర్ సీటే 825 మి.మీ. ఎత్తు, వెనక సీటు ఇంకా పైకి ఉంటుంది. ఊళ్లో నేను బైక్ తీస్తే ఎక్కువసార్లు వెనక కూర్చునేది మా నాన్న. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పి. పక్కన హార్డ్ బాక్స్, వెనక టాప్ బాక్స్ రెండూ ఉంటే ఆయన కాలు ఎటు నుంచి తిప్పి ఎక్కాలి? ఫుట్‌రెస్ట్ మీద నిలబడి ఎక్కితే 200 కిలోల బైక్‌ని ఒక పక్కకి వంగకుండా నేను పట్టుకోవాలి. అందుకే ఊరికి వెళ్లే రోజు నా బైక్ మీద పల్చటి సాఫ్ట్ సైడ్ బ్యాగులు మాత్రమే ఉంటాయి. టెయిల్ ఖాళీ. ఫొటోలో అంత అడ్వెంచర్‌గా కనిపించదు, కానీ నాన్న ఎవరి సాయం లేకుండా ఎక్కుతాడు, దిగుతాడు.

రూల్స్ సంగతి కూడా తెలుసుకోండి. వెనక పెట్టే తేలికపాటి కంటైనర్‌కి 2020లో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనల్లో కొలతలు పెట్టింది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మి.మీ. దాటకూడదు. వెనక మనిషి కూర్చునే చోటే బాక్స్ పెడితే రైడర్ ఒక్కడే వెళ్లాలి. అలాగే బాక్స్ కంపెనీ పెట్టే లిమిట్ వేరే ఉంటుంది. గివి మోనోకీ కేసుల మీద 10 కిలోలు అని రాసి ఉంటుంది. 50 లీటర్ల బాక్స్ అంటే 50 కిలోలు పెట్టొచ్చని కాదు, గమనించండి.

5. ప్రొటెక్షన్: మూడే మూడు

బైక్ పడితే ఇంటికి రాగలమా లేదా అన్నది డిసైడ్ చేసే పార్ట్స్ మూడు.

హ్యాండ్ గార్డ్: లోపల మెటల్ రాడ్ ఉన్నది తీసుకోండి. ఉత్త ప్లాస్టిక్ అయితే గాలిని ఆపుతుంది, పడినప్పుడు క్లచ్ లివర్‌ని కాపాడదు. క్లచ్ లివర్ విరిగితే ట్రిప్ అక్కడితో ఆగినట్టే.

బ్యాష్ ప్లేట్: ఇంజిన్ కింద పెట్టే ప్లేట్. నాపరాయి ముక్కలు పరుచుకున్న దారుల్లో దీని విలువ తెలుస్తుంది. చాలా అడ్వెంచర్ బైకులకి కంపెనీయే ఇస్తుంది. ఉందో లేదో చూసుకుని కొనండి.

క్రాష్ గార్డ్: లావుగా ఉందా అన్నది కాదు, ఎక్కడ బిగిస్తున్నారో చూడండి. ఎక్కువ పాయింట్ల దగ్గర, ఫ్రేమ్‌కి బిగించేది మేలు. ఒకే బోల్ట్ మీద ఆధారపడితే దెబ్బ నేరుగా ఆ బోల్ట్ ఉన్న చోటికే వెళ్తుంది.

6. లైట్లు, కరెంటు లెక్క

పరిగి దాటాక రాత్రి పూట ఎక్స్‌ట్రా లైట్లు నిజంగానే ఉపయోగం. లైట్ లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు పక్కన ఆగిన లారీలు ముందే కనిపిస్తాయి. కానీ బైక్ ఆల్టర్నేటర్ పవర్‌బ్యాంక్ కాదు.

లెక్క సింపుల్: వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 40 వాట్ల ఎల్‌ఈడీలు రెండు అంటే 80 వాట్లు. 12 వోల్టుల దగ్గర దాదాపు 6.7 ఆంపియర్లు. దీనికి 10 ఆంపియర్ల ఫ్యూజ్, రిలే ఉన్న హార్నెస్ కావాలి. హెడ్‌లైట్ వైరు గిల్లి కలిపేసే మెకానిక్‌ని మొహమాటం లేకుండా ఆపండి. వైరింగ్ కాలే రిస్క్ ఉంది, వారంటీకి కూడా ఇబ్బంది. కట్ చేయకుండా కప్లర్‌తో కలిసే హార్నెస్‌లు దొరుకుతాయి.

బిగించాక ఒక టెస్ట్ చేయండి. ఇంజిన్ ఆన్ చేసి, కొంచెం రేస్ ఇచ్చి, బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. మామూలుగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటుంది. అన్ని లైట్లు, ఛార్జర్ ఆన్ చేశాక 13 కంటే కిందికి పడిపోతుంటే మీరు పెట్టిన లోడ్ ఎక్కువైనట్టు.

ఇంకో మాట. ఎదుటి వాహనం రాగానే ఆ లైట్లు ఆపేయండి. వెనక లగేజ్ ఎక్కువైనప్పుడు హెడ్‌లైట్ కూడా పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లల్లో కొడుతుంది. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ పెంచి, హెడ్‌లైట్ సెట్ చేసుకోండి.

7. ఫోన్ మౌంట్

మన సైట్ రీడర్లకి ఇది ముఖ్యం. పెద్ద ఇంజిన్ల వైబ్రేషన్ వల్ల కెమెరాలోని ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ స్వయంగా చెప్పింది. లెన్స్ కదిలే మెకానిజం ఉన్న ఏ ఫోన్‌కైనా ఇది వర్తిస్తుంది. కాబట్టి ఫ్లాగ్‌షిప్ ఫోన్‌ని నేరుగా హ్యాండిల్‌కి బిగించొద్దు. వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి. ఇంకా బెటర్ ఆప్షన్, స్టెబిలైజేషన్ లేని పాత ఫోన్‌ని మ్యాప్స్‌కి కేటాయించడం. ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి.

హిమాలయన్ 450 లాంటి వాటిలో గూగుల్ మ్యాప్స్ డిస్‌ప్లేలోనే వస్తుంది, కాబట్టి ఫోన్ జేబులో ఉంచుకోవచ్చు. వానలో ఛార్జింగ్ పెట్టొద్దు. ఐపీ67 రేటింగ్ ఉన్నా తడిసిన పోర్ట్‌లో ఛార్జర్ పెడితే పాడవుతుంది.

8. పంక్చర్ కిట్: టైరు చూసి కొనండి

చాలామంది స్ట్రిప్స్ కిట్ కొని బ్యాగ్‌లో వేసుకుంటారు. అది ట్యూబ్‌లెస్ టైర్లకి మాత్రమే. ఎక్స్‌పల్స్ 200 లాంటి ట్యూబ్ టైర్ల బైక్‌కి స్పేర్ ట్యూబ్, టైర్ లివర్లు, చక్రం విప్పే స్పానర్ కావాలి. ముందు 21, వెనక 18 అంగుళాలు కాబట్టి సైజు చూసి తీసుకోండి. ప్రెషర్ గేజ్ మాత్రం అందరికీ కావాలి. లోడ్‌కి తగ్గ గాలి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది.

ఫైనల్‌గా, ఏ వరుసలో కొనాలి?

మొదటి జీతంతో: ఐఎస్ఐ మార్క్ ఉన్న మంచి హెల్మెట్, గ్లౌజులు, మోకాలి గార్డులు. వెనక కూర్చునేవాళ్లకి కూడా ఒక హెల్మెట్. ఇది లేకుండా మిగతా లిస్ట్ చూడకండి.
రెండో విడత: హ్యాండ్ గార్డ్, బ్యాష్ ప్లేట్, పంక్చర్ కిట్, గేజ్.
మూడో విడత: సాఫ్ట్ బ్యాగులు, క్రాష్ గార్డ్.
రాత్రి ప్రయాణాలు తప్పనిసరైతేనే లైట్లు. హార్డ్ బాక్సులు చివర్లో, ఒక ఆరు నెలలు బైక్ వాడాక.

అసలు వద్దు అనేవి: మెరిసే నీలం, ఎరుపు స్ట్రోబ్ లైట్లు, పేరు తెలియని కంపెనీ ర్యాకులు, ట్యాంక్ మీద హ్యాండిల్ తిరగనివ్వని పెద్ద బ్యాగ్.

అన్నీ బిగించాక లాంగ్ ట్రిప్‌కి ముందు ఫుల్ లోడ్‌తో దగ్గర్లో ఒక రౌండ్ వేయండి. మాకైతే అనంతగిరి ఘాట్ సరిపోతుంది. మలుపులు, బ్రేకింగ్, గతుకులు అన్నీ ఉంటాయి. తిరిగొచ్చాక ప్రతి బోల్ట్ మళ్లీ బిగించండి, ప్రతి పట్టీ చూడండి. వాడని వస్తువు ఏదైనా కనిపిస్తే తీసి ఇంట్లో పెట్టేయండి. బైక్ తేలికయ్యే కొద్దీ రైడ్ బాగుంటుంది. పైగా ఈ అప్‌గ్రేడ్‌కి రూపాయి ఖర్చు లేదు.