గొట్టం ఎక్కడిదాకా వెళ్ళింది? – వంటింటి చిమ్నీ పాఠం

మా అమ్మమ్మకి చిమ్నీ అంటే లాంతరు గాజు. దీపాలు పెట్టేవేళకి ముందే బూడిద అద్దిన మెత్తని గుడ్డతో దాన్ని తుడవాలి, లేకపోతే మసి పట్టి వెలుగు రాదు. ఇప్పుడు రాజమండ్రి అపార్టుమెంట్లలో చిమ్నీ అంటే గ్యాస్ పొయ్యి మీద గోడకి బిగించిన స్టీలు పెట్టె. పేరు అదే, తుడిచే అలవాటు మాత్రం దాంతోపాటు రాలేదు.

దానవాయిపేటలో మా పిన్ని వాళ్ళింట్లో రెండేళ్ళ కిందట అలాంటిది పెట్టించారు. పెట్టె మీద గంటకి 1200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని రాసుంది. అయినా చేపలు వేయించిన రోజున హాల్లో కర్టెన్లు మర్నాటిదాకా అదే వాసన. పోపు పెడితే పిన్నికి దగ్గు. చివరికి ఆవిడ చిన్న పొయ్యి ఒకటి బాల్కనీలో పెట్టుకుని రొయ్యల వేపుడు అక్కడే చేసుకోవడం మొదలుపెట్టింది. "వాడటం రాక" అని బాబాయి తీర్పు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్ని నాతో అంది: "చదివేది మెకానికలేగా నాన్నా, ఆ గొట్టం ఎక్కడిదాకా వెళ్ళిందో ఒక్కసారి చూసిపెట్టు. నేనడిగితే ఎవరూ పట్టించుకోరు."

కబోర్డు తలుపు విప్పి చూశాం. చిమ్నీ నుంచి 6 అంగుళాల అల్యూమినియం ముడతల గొట్టం బయల్దేరింది. దాన్ని సాగదీయకుండా, అకార్డియన్‌లా నొక్కి మూడు మలుపులు తిప్పారు. గోడకి ఉన్న రంధ్రం 4 అంగుళాలే కావడంతో గొట్టం మూతిని నలిపి అందులో దూర్చారు. బయటివైపు పిట్టలు రాకుండా దోమల మెష్ కట్టారు. ఆ మెష్ జిడ్డూ దుమ్మూ పట్టి అట్టముక్కలా తయారైంది. పొగ వెళ్ళేందుకు దారే లేదు. వాడటం రాకపోవడం కాదు, పిన్ని అడిగిన ప్రశ్నే సరైనది.

లెక్క చూద్దాం. ఆ వంటిల్లు 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 9 ఎత్తు. అంటే 720 ఘనపు అడుగులు, దాదాపు 20 ఘనపు మీటర్లు. గంటకి 15 సార్లు గాలి మారాలనుకుంటే 300 ఘనపు మీటర్లు చాలు. మనది వేపుళ్ళ ఇల్లు కాబట్టి రెట్టింపు వేసుకున్నా 600. పెట్టె మీది అంకెలో సగం నిజంగా బయటికెళ్ళినా సరిపోతుందన్నమాట. కాబట్టి కొనేటప్పుడు 1200 మంచిదా 1500 మంచిదా అని కొట్టుకోనక్కర్లేదు. ఆ అంకె ఎలాగూ గొట్టం, మలుపులు, జిడ్డు తగిలాక తగ్గిపోయేదే.

ఎంత తగ్గుతుందన్నది రంధ్రమే చెబుతుంది. 6 అంగుళాల వ్యాసాన్ని 4 చేస్తే వైశాల్యం 2.25 రెట్లు తగ్గుతుంది. అదే గాలి పోవాలంటే వేగం అన్ని రెట్లు పెరగాలి. ఇరుకు మూతి దగ్గర, మలుపుల దగ్గర పోయే ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సుమారు 5 రెట్లవుతుంది. గొట్టం మొత్తం 4 అంగుళాలదే వేస్తే ఒరిపిడి నష్టం 7 రెట్లు దాటుతుంది (వ్యాసం అయిదో ఘాతం, ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్షలో రాసేసి మర్చిపోయినదే). ఫ్యాను అంత ఒత్తిడి ఇవ్వలేదు, ఇచ్చేది చప్పుడే. చిమ్నీ గోల భరించలేక కట్టేస్తున్నామనే ఇళ్ళల్లో ముందు చూడాల్సింది గొట్టాన్నే.

పొగకి దారి చూపించడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. పాత పెంకుటిళ్ళ వంటసావిడిలో పైకప్పుకి పొగగూడు వదిలేవారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి. రాజు గారు మట్టితోనే పొగ లేని పొయ్యిని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అని చిన్న పుస్తకం కూడా వేశారు. పొయ్యి లోపలి నుంచే పొగ గొట్టంలోకి వెళ్ళిపోయే ఏర్పాటు అది. తర్వాత 1983లో కేంద్రం ఇలాంటి మెరుగైన పొయ్యిల పథకం పెట్టి దేశమంతటా కట్టించింది. 2002లో ఆపేసింది. కట్టినవాటిలో చాలావాటికి తర్వాత ఆలనాపాలనా లేదు, గొట్టాలు మసితో పూడిపోయాయి. పిన్ని ఇంట్లో మెష్‌కి జరిగింది ఇదే, కాకపోతే ఇక్కడ మసి బదులు నూనె.

గొట్టం పనిచేస్తే ఏమవుతుందో చైనాలో యునాన్ రాష్ట్రంలోని షువాన్‌వై ప్రాంతం చెబుతుంది. అక్కడ ఇళ్ళల్లో పొగ బొగ్గు కాల్చేవారు. పొయ్యిలకి పొగగొట్టాలు పెట్టించుకున్న కుటుంబాల్లో ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఆడవాళ్ళలో దాదాపు సగానికి, మగవాళ్ళలో 40 శాతం దాకా తగ్గిందని 2002లో వచ్చిన అధ్యయనం తేల్చింది. మనది గ్యాసే కదా అనకండి. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వచ్చే ఆవిర్లని క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్నవాటిలో 2010లోనే చేర్చారు. పిన్ని దగ్గుని ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యకపోవడం నాకు అందుకే బాధనిపించింది.

మీ ఇంట్లో చూసుకోడానికి ఒక అగరొత్తి చాలు. చిమ్నీ వేసి, ముందు వరస బర్నర్ ఎత్తులో పట్టుకోండి. పొగ వంగి పైకి లాక్కుపోవాలి. తర్వాత ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ మూసి మళ్ళీ చూడండి. లాగుడు తగ్గితే, లోపలికి గాలి వచ్చే దారి లేదన్నమాట. గాలి రాకుండా గాలి పోదు. అయితే తెరవాల్సింది పొయ్యి పక్క కిటికీ కాదు, అది పొగని చిమ్నీకి అందకుండా పక్కకి కొట్టేస్తుంది. ఎదురు గోడదో, పక్క గదిదో తెరవాలి. వంటింట్లో సీలింగ్ ఫ్యాను కూడా అదే అల్లరి చేస్తుంది.

ఇంకో మోసం కూడా ఉంది. గొట్టమే లేకుండా బొగ్గు ఫిల్టరుతో గాలిని శుభ్రం చేసి మళ్ళీ గదిలోకే వదిలే రకం దొరుకుతుంది. వాసన కొంత తగ్గుతుంది, అదీ ఆ బొగ్గుని కొన్ని నెలలకోసారి మారిస్తేనే. వేడి, తేమ, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఎక్కడివక్కడే. గోడకి రంధ్రం చేసే వీలుంటే ఆ రకం వద్దనే నా అభిప్రాయం.

ఇక జిడ్డు. పొద్దుతిరుగుడు లాంటి నూనెలు వేడికీ గాలికీ అణువులు ఒకదానికొకటి అతుక్కుని బంకవుతాయి, తర్వాత వార్నిష్‌లా గట్టిపడతాయి. చెక్కకి అవిసె నూనె పూసి ఆరబెట్టడంలో జరిగేదీ ఇదే. అందుకే తాజా జిడ్డు సబ్బునీళ్ళకే పోతుంది, మూడు నెలల జిడ్డు గరిటెతో గీకినా పోదు. రోజూ వేపుడుండే ఇంట్లో పదిహేను రోజులకోసారి ఫిల్టరు తీసి, వేడినీళ్ళలో గిన్నెల సబ్బూ గుప్పెడు వంటసోడా వేసి అరగంట నానబెట్టి, మెత్తని బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరాక పెట్టాలి. ఇది వంపు రేకుల స్టీలు ఫిల్టరు సంగతి. అల్యూమినియం జాలీ అయితే సోడా వద్దు, నల్లబడి పాడవుతుంది. సబ్బునీళ్ళు, లేదా కుంకుడు రసం మేలు. తీసేముందు ప్లగ్గు లాగడం మర్చిపోకండి.

'ఆటో క్లీన్' అంటే అంతా అదే కడుక్కుంటుందని కాదు. లోపల హీటరు జిడ్డుని కరిగిస్తే అది కింద చిన్న గిన్నెలోకి కారుతుంది. ఆ గిన్నె పారబోయాల్సింది మనమే, గొట్టం సంగతి దానికి తెలీదు. గొట్టంలో పేరుకున్న నూనె నిప్పుకి మేత కూడా. బాణలిలో నూనె అంటుకుంటే పొయ్యీ చిమ్నీ రెండూ కట్టేసి మూత బోర్లించాలి, నీళ్ళు పొయ్యకూడదు.

పొయ్యికీ చిమ్నీకీ మధ్య 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటే చాలు. పొయ్యి వెలిగించే ముందే చిమ్నీ వేసి, దించాక పది నిమిషాలు ఉంచాలి. కరెంటు బిల్లు భయం వద్దు: 200 వాట్ల మోటారు రోజుకి గంట తిరిగితే నెలకి 6 యూనిట్లు.

చిమ్నీతో తీరని పొగలూ ఉన్నాయి లెండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రేకు తీసే ఆడవాళ్ళు బోర్లించిన కుండ ముందు కూర్చుని ఎండు కొబ్బరాకులు మంటలోకి తోస్తూ గంటలతరబడి పనిచేస్తారు. అక్కడ పైన స్టీలు పెట్టె పెట్టి లాభం లేదు, రాజు గారి పద్ధతిలో పొయ్యికే గొట్టం కావాలి. మన కాలేజీలో ఎవరైనా ప్రాజెక్టు వెతుక్కుంటుంటే ఇది చూడండి.

పిన్ని ఇంట్లో గోడకి 6 అంగుళాల కోర్ కటింగ్ చేయించాం. గొట్టం సగం కోసేసి, మిగిలింది సాగదీసి, మూడు మలుపులు ఒకటి చేశాం. మెష్ పీకేసి బయట రెక్కమూత బిగించాం. ఫ్యాను తిరిగితే అది లేస్తుంది, ఆగితే పడిపోతుంది కాబట్టి పిట్టలూ రావు, వానా రాదు. ఇప్పుడు వేపుడు పొయ్యి మీద పెట్టగానే పిన్ని బాల్కనీలోకి ఓ అడుగేసి, మూత లేచిందో లేదో చూసి లోపలికెళ్తుంది.